సర్వర్‌కు గొంతొచ్చిన రోజు

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆబిడ్స్‌లో కరెంటు పోయింది. వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. చిరాగ్ అలీ లేన్‌లో రెండో అంతస్తులో ఉన్న శ్రవణ గ్రంథాలయంలో ఫ్యాన్లు తిరిగాయి, ట్యూబులైట్లు వెలిగాయి. సర్వర్ మాత్రం లేవలేదు.

లేవలేదని మృదులకు ఫోన్ల వల్ల తెలిసింది. మొదట మహబూబ్‌నగర్ నుంచి లహరి చేసింది. టీచర్ పోస్టుల పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయి.

"అక్కా, సైకాలజీ పాఠం మధ్యల ఆగిపోయింది. మళ్ల ఓపెన్ అయితలేదు."

ఆ తర్వాత వరంగల్ నుంచి, గుంటూరు నుంచి, మలక్‌పేట హాస్టల్ నుంచి. అందరూ చూపు లేని విద్యార్థులే. వాళ్ళ చదువంతా చెవులతోనే. ఏళ్ళ తరబడి వాలంటీర్లు వచ్చి ఓపిగ్గా చదివి రికార్డు చేసిన పుస్తకాలన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. రెండు రాష్ట్రాల పిల్లలు ఫోన్లలో వినేది దాన్నుంచే.

ఆ పెట్టెను చూసుకునే పని మృదులది. ఆమెకూ చూపు లేదు. డిగ్రీ రెండో ఏడులో కళ్ళు మసకబారడం మొదలై, ఎం.సి.ఏ. అయ్యేసరికి వెలుగూ చీకటీ తేడా మాత్రం మిగిలింది. కంప్యూటర్ మీద పట్టు మాత్రం పోలేదు. ఆమె ల్యాప్‌టాప్‌లో తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్నుంచే సర్వర్‌లోకి వెళ్ళి అన్ని పనులూ చేసుకునేది. సర్వర్ చెప్పే ప్రతి మాటా ల్యాప్‌టాప్ గొంతులో వినిపించేది.

సర్వర్ లేచి పలుకుతున్నంత వరకే ఆ దారి. లేవబోతూ మధ్యలో ఎక్కడో ఆగిపోతే అది తన బాధను తన తెర మీదే రాసుకుంటుంది. ఆ తెరకు నోరు లేదు.

అలాంటప్పుడు తెర చదివి చెప్పేది ఇంద్రసేన. రికార్డింగ్ గది అతనిది. మైకులు, వైర్లు, వాలంటీర్ల దగ్గూ తుమ్మూ కత్తిరించడం అన్నీ అతనే. ఆ రోజు అతను కాచిగూడలో మేనమామ కొడుకు పెళ్ళిలో ఉన్నాడు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. బ్యాండు మోతలో వినపడి ఉండదు.

మృదుల సర్వర్ గదిలోకి వెళ్ళి తెర ముందు తన ఫోన్ కెమెరా పట్టింది. అక్షరాలు గుర్తుపట్టి చదివే యాప్ ఉంది ఆమె దగ్గర. ఆ పాత మానిటర్ మెరుపుకో ఏమో, అది అర్థం లేని శబ్దాల ముద్దలు వినిపించింది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, విసుగొచ్చి, కర్ర తీసుకుని మెట్లు దిగింది. కింద జిరాక్స్ షాపు పరశురాంది.

"పరశురాం అన్నా, జర పైకి వస్తవా? తెర మీద ఏం రాసున్నదో చదివి చెప్పాలె."

"నాకు ఇంగ్లిష్ గంత రాదు మృదులమ్మా."

"అక్షరాలు చెప్పు, చాలు."

పరశురాం వచ్చి కుర్చీ లాక్కుని కూచున్నాడు. "జీ... ఐ... వీ... ఈ. జాగా. ఆర్, ఓ, ఓ, టీ..." పాస్‌వర్డ్ ఇమ్మంటోంది. మృదుల ఇచ్చింది. ఒక కమాండ్ కొట్టింది. తెర నిండా ఏదో వచ్చి పడింది. "అమ్మో, మస్తున్నయ్. ఏది చదవాలె?" అన్నాడు పరశురాం. "కింది నుంచి పైకి చదువన్నా." అతను చదివాడు. చుక్కను కామా అన్నాడు, ఏటవాలు గీతను ఒకటి అన్నాడు. కింద నుంచి గిరాకీలు కేకలేస్తుంటే కిటికీలోంచి తల బయటపెట్టి "వస్తున్న, వస్తున్న" అని మళ్ళీ వచ్చి కూచున్నాడు. రోగం చిన్నది. కరెంటు తప్పడంతో డిస్కులో ఒక భాగం సరిగా మూసుకోలేదు, అంతే. తెర కనిపించేవాళ్ళకు రెండు నిమిషాల పని. పొద్దు వాలేసరికి సర్వర్ లేచింది.

పరశురాంకు దండం పెట్టి పంపించి, మృదుల ఆ గదిలోనే కూచుండిపోయింది. ఎవరి మీదో తెలియని కోపం. అది అడిగే ప్రశ్నలన్నిటికీ తన దగ్గర జవాబులున్నాయి. అది అడుగుతున్నది వినపడకపోవడమే కదా తక్కువ!

*

ఆ సర్వర్‌ను ఎలాగూ మార్చాల్సిన సమయం అదే. అందులో నడుస్తున్నది సెంటాస్ ఏడు. లినక్స్ ఒకటే అయినా దాన్ని కూర్చి, కట్టి, తమ పేరుతో ఇచ్చేవాళ్ళు చాలామంది. సెంటాస్ అలాంటి ఒక కట్ట. జూన్ ఆఖరుతో దానికి భద్రతా సవరణలు ఆగిపోతాయని ఎప్పుడో ప్రకటించారు. ఆ తర్వాత కొత్త కన్నం ఏదైనా బయటపడితే పూడ్చేవాళ్ళుండరు. దాని బదులు ఏది పెట్టాలి అన్నది గ్రంథాలయం కమిటీ ముందున్న ప్రశ్న.

కమిటీ కార్యదర్శి సోమయాజులు. వాళ్ళ నాన్న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్ళతోపాటు హైదరాబాద్ వచ్చిన గుమాస్తా. ఈయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. గ్రంథాలయానికి వ్యాకరణం పుస్తకాలన్నీ తన గొంతుతోనే చదివిచ్చాడు. కంప్యూటర్ సంగతులకు ఆయన ఆధారపడేది సాయిచైతన్య మీద. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా గ్రంథాలయానికి ఉచితంగా సాయం చేసే కుర్రాడు. వాళ్ళ కంపెనీ తీసేస్తున్న ఒక సర్వర్‌ను, ఈ పాతదాని బదులు వాడుకోమని, గ్రంథాలయానికి ఇప్పించిందీ అతనే.

జూన్ మొదటి వారంలో కమిటీ కూచుంది.

"సెంటాస్ నుంచి తేలిగ్గా వెళ్ళగలిగేవి రెండున్నాయి సార్. రాకీ, అల్మా," అన్నాడు సాయిచైతన్య. "రెండూ ఆ కుటుంబంవే. అవే కమాండ్లు, ఫైళ్ళు కూడా దాదాపు అక్కడే ఉంటాయి. మన ప్రోగ్రాం పెద్దగా మార్చక్కర్లేదు. నేనైతే అల్మా అంటాను. 2032 దాకా చూసుకోనక్కర్లేదు."

సోమయాజులు తల పంకించాడు. "నువ్వేమంటావమ్మా మృదులా?"

"జర టైం కావాలె సార్. ఒకసారి నేను అన్నిటినీ ఎక్కించి చూస్త."

"ఎక్కించేది ఇంద్రసేన పక్కనుండగానే కదా?"

"లేదు సార్. ఒక్కదాన్నే."

*

రికార్డింగ్ గది మూలన ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. మృదుల దాన్ని తన బల్ల మీద పెట్టించుకుంది. ఒక్కొక్క లినక్స్‌నూ పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని, తలుపు దగ్గరికి వేసి, ఎవరూ చూడకుండా, ఎవర్నీ అడగకుండా ఎక్కించి చూడాలనుకుంది. లినక్స్‌లను పోల్చే వ్యాసాలు నెట్‌లో బోలెడున్నాయి. వేగం, ఆయుష్షు, భద్రత అన్నీ రాస్తారు. ఆమె అడిగే ప్రశ్న ఏ వ్యాసంలోనూ లేదు.

రాకీ పెట్టింది. పెట్టె గుర్రుమంది. తర్వాత నిశ్శబ్దం. అల్మా పెట్టింది. అదే నిశ్శబ్దం. ఉబుంటు సర్వర్ అనే ఇంకో కట్ట పెట్టింది. అదీ అంతే. చూపు లేనివాళ్ళు వీటిని ఎక్కించడానికి దారులు లేకపోలేదు. అడగబోయే ప్రశ్నలకు జవాబులన్నీ ముందే ఒక ఫైలులో రాసి ఇవ్వొచ్చు. ఇంకో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా వెళ్ళి నడిపించొచ్చు. మృదుల రెండూ చేసి చూసింది. అయ్యాయి కూడా. కానీ ఒకసారి నెట్‌వర్క్ వైరును కావాలనే పీకింది. అంతే, మళ్ళీ మూగ తెర, మళ్ళీ పరశురాం.

చూపు లేని కంప్యూటర్ ఇంజనీర్ల మెయిల్ గ్రూపు ఒకటుంది. అక్కడ తన గోడు రాసింది. కొల్హాపూర్ నుంచి ఒకాయన జవాబిచ్చాడు. డెబియన్ పెట్టి చూడండి. మెనూ వచ్చినప్పుడు బీప్ అంటుంది. ఎస్ నొక్కి ఎంటర్ కొట్టి ఓపిగ్గా ఆగండి. అంతే రాశాడు.

మృదుల డెబియన్ పన్నెండు దించుకుంది. డెస్క్‌టాప్ బీప్ అంది. ఎస్. ఎంటర్. కాసేపు డిస్కు గీరుకున్న చప్పుడు. తర్వాత స్పీకర్లోంచి, ముక్కుతో మాట్లాడినట్టుండే ఒక మర గొంతు ఇంగ్లిష్‌లో పలికింది. ఏ భాష కావాలో ఎంచుకోండి. ఇంగ్లిష్ అయితే ఈ అంకె, ఇంకోటి అయితే ఈ అంకె.

మృదుల చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి. ఇన్నేళ్ళలో ఒక కొత్త యంత్రం పుట్టీపుట్టగానే తనను పలకరించడం ఇదే మొదటిసారి. ఆ గొంతు ఎంత వికారంగా ఉందో అంత ముద్దొచ్చింది. మరోసారి చెప్పించుకుని విన్నది.

సాయంత్రం ఇంద్రసేన వచ్చేసరికి డెస్క్‌టాప్‌లో డెబియన్ నడుస్తోంది.

"ఎవరు చదివిచ్చిన్రు?" అన్నాడు.

"గదే చదివింది. గదే అడిగింది, నేను చెప్పిన."

ఇంద్రసేన ఆ ముక్కు గొంతును విని పకపకా నవ్వాడు. మరుక్షణం కొంచెం తగ్గి, "ఇగ నాతోని పని లేదన్నట్టేనా?" అన్నాడు, నవ్వుతూనే.

"నువ్వు నా కండ్ల డ్యూటీ కోసం రాలేదన్నా ఇక్కడికి. మంచి రికార్డింగ్ చేస్తవని వచ్చినవ్. గది చెయ్."

*

రెండోసారి కమిటీ కూచున్నప్పుడు మృదుల డెబియన్ పేరు చెప్పింది. సాయిచైతన్య వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి అతని దగ్గర కారణాలున్నాయి.

"మృదుల గారూ, అది వేరే కుటుంబం. కమాండ్లు మారతాయి, ఫైళ్ళు ఉండే చోట్లు మారతాయి. మన సెటప్ అంతా మళ్ళీ రాయాలి."

"ఔ. రాసిన. డెస్క్‌టాప్ మీద నడుస్తున్నది."

"ఆయుష్షు? దానికి ఐదేళ్ళే. అందులో ఒకేడు ఇప్పటికే అయిపోయింది. అల్మా అయితే ఇంకో ఎనిమిదేళ్ళు."

"నిజమే. మళ్ళ మార్చాలె. ఉన్నదాని మీదనే పై వెర్షన్‌కు పోవచ్చంట. మారుస్త. నేనే మారుస్త."

సోమయాజులు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు. "దీని వెనకాల కంపెనీ లేదంటున్నారు. రేపు ఏదైనా తేడా వస్తే ఎవర్నడుగుతాం తల్లీ? పైగా నెలన్నరలో టీచర్ పోస్టుల పరీక్ష. పిల్లలందరూ ఇప్పుడే వింటున్నారు. పరీక్షయ్యాక చూసుకోకూడదూ?"

"పరీక్షలప్పుడే కదా సార్ పాత దానికి సవరణలు బందయ్యేది. గప్పుడు ఎవడన్నా దూరితే పిల్లలకు ఏం చెప్తం?" మృదుల ఆగింది. తర్వాతి మాట ఎలా చెప్పాలో రాత్రంతా ఆలోచించుకుని వచ్చింది గానీ, తీరా వచ్చిన మాట వేరు. "సార్, ఈ లైబ్రరీ ఎందుకు పెట్టిన్రు? చదవలేనోళ్ళ కోసం పుస్తకాలు మాట్లాడాలని. మీరే మీ గొంతు అరిగేదాక చదివిన్రు. ఆ పుస్తకాలు దాసిపెట్టిన పెట్టె మాత్రం, దాన్ని సూసుకునే మనిషితోని మాట్లాడదు. కష్టమొచ్చినప్పుడు మాట్లాడేదాన్నే తెచ్చుకుందాం అంటున్న. గంతే."

సోమయాజులు తుడిచిన కళ్ళజోడు పెట్టుకున్నాడు. రోడ్డు మీద ఆటోవాడి హారన్ ఒకటి మోగి ఆగింది.

"అల్మా మంచిది కాదని మృదుల గారు అనట్లేదు సార్," అన్నాడు సాయిచైతన్య నెమ్మదిగా. "నేను లెక్కేసినవాటిలో ఈ పాయింట్ లేదు. ఉండాల్సింది."

సోమయాజులు మాత్రం మాస్టారే. పరీక్ష పెట్టకుండా మార్కులు వేయడు. "సరే. ఆ ఇచ్చిన సర్వర్ మీద మా ముందు నువ్వు ఒక్కదానివే ఎక్కించి చూపించు. ఎవరూ చదివి చెప్పరు. అయిందా, అదే పెడదాం. కాలేదా, చైతన్య చెప్పినట్టు చేద్దాం. సమ్మతమేనా?"

"సమ్మతమే సార్."

*

జూన్ చివరి ఆదివారం పెట్టుకున్నారు. ఆ రోజు గ్రంథాలయానికి సెలవు. కింద ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలవాళ్ళు పట్టాలు పరుచుకుంటుంటే వాళ్ళ మధ్యనుంచి కర్ర ఆడించుకుంటూ మృదుల వచ్చింది. నాంపల్లిలో ఇల్లు. రోజూ స్టేషన్ రోడ్డు మీదుగా నడిచే వస్తుంది. ఆ రోజు వాళ్ళమ్మ వనిత కూడా వెంట వచ్చింది. టిఫిన్ డబ్బా నిండా సకినాలు.

కొత్త సర్వర్‌లో రెండు డిస్కులు. చిన్నది ఖాళీ, లినక్స్ ఎక్కాల్సింది దాని మీదే. పెద్దదాని నిండా పుస్తకాలు. పాత సర్వర్ నుంచి మృదుల ముందే కాపీ చేసి పెట్టింది. పెన్‌డ్రైవ్ నుంచి మొదలయ్యేట్టు చేసే సెట్టింగు ఒక్కటి మాత్రం శనివారం ఇంద్రసేన చేత తెర చదివించుకుని మార్పించుకుంది. యంత్రం పుట్టక ముందరి ఆ తెరకు ఏ లినక్సూ గొంతివ్వలేదు. ఆ సంగతి కమిటీకి ముందే చెప్పింది.

అందరూ వచ్చి కూచున్నాక, "అన్నా, మానిటర్ పీకెయ్," అంది.

"ఏందీ?"

"ఉంటే సూస్తరు. సూస్తే నోరు ఊకోదు. పీకెయ్."

ఇంద్రసేన వైరు తీసి మానిటర్‌ను కింద పెట్టాడు. ఇప్పుడు ఆ గదిలో అందరికీ ఆ యంత్రం ఒకేలాంటిది. నల్లటి పెట్టె. మృదుల బటన్ నొక్కింది. ఫ్యాన్లు హోరెత్తి తగ్గాయి. బీప్.

ఎస్. ఎంటర్.

గొంతు రాలేదు.

ఆగింది. ఇంకా ఆగింది. సోమయాజులు కుర్చీ కిర్రుమంది. మృదుల కట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది. బీప్ వచ్చింది. ఎస్, ఎంటర్. మళ్ళీ నిశ్శబ్దమే.

"మానిటర్ పెట్టి ఒకసారి చూద్దామా?" అన్నాడు సాయిచైతన్య. అతని గొంతులో ఎగతాళి లేదు, నిజంగా సాయపడాలనే ఉంది. అందుకే కాదనడం కష్టమైంది.

"వద్దు. జర ఆగుర్రి."

డెస్క్‌టాప్ మీద పలికింది ఇక్కడెందుకు పలకదు? పెన్‌డ్రైవ్ అదే. బీప్ వచ్చిందంటే మెనూ వచ్చింది. ఎస్ తీసుకుంది, డిస్కు చప్పుడు వినపడుతోంది. అంటే మాట్లాడుతోంది. మాట బయటికి రావట్లేదు. మృదుల లేచి సర్వర్ వెనక్కి వెళ్ళి చేత్తో తడిమింది. కరెంటు వైరు. నెట్‌వర్క్ తొర్రలు. మానిటర్ తొర్ర. యూఎస్‌బీలు, ఒకదాంట్లో స్పీకర్ వైరు. స్పీకర్‌కు ఇంకో వైరుండాలి కదా? వేళ్ళతో వెతికితే కిందికి వేలాడుతూ దొరికింది, చివర గుండ్రటి పిన్నుతో.

"అన్నా, ఇది పెట్టలేదా?"

"దానికి తొర్ర లేదు చెల్లే. యూఎస్‌బీది పెడితే స్పీకర్ల లైటు వెలిగింది గదా అని..."

మృదుల వెనక పలకనంతా మళ్ళీ ఒకసారి తడిమింది. గుండ్రటి తొర్ర ఎక్కడా లేదు. సర్వర్‌కు పాట వినిపించే పనేముంది, సౌండ్ కార్డు ఎవరు పెడతారు! యూఎస్‌బీ వైరు స్పీకర్‌కు కరెంటు ఇస్తోంది, అంతే. బీప్ పెట్టె లోపలి చిన్న బజర్‌ది, మాట వచ్చే దారే లేదు. ఆమెకు నవ్వొచ్చింది.

"గొంతుంది సార్, నోరే లేదు. అన్నా, రికార్డింగ్ గదిల మైకు పెట్టుకునే యూఎస్‌బీ డబ్బా ఉంది గదా, పట్కరా."

ఇంద్రసేన పరుగున వెళ్ళి ఆ చిన్న సౌండ్ డబ్బా తెచ్చాడు. వాలంటీర్లు చదివే ప్రతి పుస్తకమూ దానిగుండానే లోపలికి వెళ్ళింది. మృదుల దాన్ని సర్వర్‌కు తగిలించి, గుండ్రటి పిన్నును దాని తొర్రలో గుచ్చింది. బటన్ నొక్కింది. బీప్. ఎస్. ఎంటర్.

డిస్కు గీరుకుంది. స్పీకర్ చిటపటమంది.

అప్పుడా ముక్కు గొంతు గది నిండా పలికింది. సోమయాజులు ఉలిక్కిపడి, "ఏమిటీ, అదేనా!" అన్నాడు.

"గదే సార్. ఏ భాష అని అడుగుతున్నది."

ఇక మృదుల ఆగలేదు. అది అడిగింది, ఆమె అంకె కొట్టింది. దేశం. కీబోర్డు. యంత్రానికి పేరు. శ్రవణ అని కొట్టింది. పాస్‌వర్డు. ఆ తర్వాత డిస్కులు వచ్చాయి. తప్పు డిస్కు చెబితే పుస్తకాల కాపీ అంతా తుడిచిపెట్టుకుపోతుంది. గొంతు రెండు డిస్కుల పేర్లూ కొలతలూ చదివింది. మృదుల మళ్ళీ చదివించుకుంది. చిన్నది రెండోది. పెద్దది మొదటిది. రెండు కొట్టి ఎంటర్ నొక్కింది. మార్పులు నిజంగానే రాయమంటారా అని అడిగింది యంత్రం. ఏ డిస్కు మీదో పేరు కూడా చెప్పింది. మృదుల అవునంది.

ఫైళ్ళు ఎక్కుతుంటే వనిత సకినాల డబ్బా తిప్పింది. ఎవరూ గట్టిగా నమల్లేదు.

చివరకు ఇన్‌స్టలేషన్ పూర్తయిందని గొంతు చెప్పింది. యంత్రం ఆగి, మళ్ళీ లేచి, పేరు చెప్పి లోపలికి రమ్మని పిలిచింది. మిగతా పనులన్నీ వరసగా చేసేట్టు మృదుల తాను ముందే రాసి పెట్టుకున్న స్క్రిప్టును నడిపించింది. పుస్తకాల డిస్కు తగిలింది, వెబ్‌సైటు లేచింది. ఫోన్ తీసి కొత్త సర్వర్ చిరునామా కొట్టి, చేతికందిన మొదటి పుస్తకం మీద నొక్కింది.

"సవర్ణదీర్ఘ సంధి," అంది ఫోన్, గంభీరంగా. "అ, ఇ, ఉ, ఋలకు సవర్ణములైన అచ్చులు పరమైనప్పుడు..."

సోమయాజులు లేచి నిలబడ్డాడు. "నా గొంతేనా? ఇంత బొంగురుగా ఉందేమిటి!" అన్నాడు. తర్వాత ఆ గదిలో ఎవరు ముందు చప్పట్లు కొట్టారో తెలియదు గానీ, కొట్టడం మొదలయ్యాక ఆపలేదు. వనిత కూతురి తల నిమురుతూ ఏడ్చేసింది. సాయిచైతన్య వచ్చి మృదుల చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఫైర్‌వాల్, బ్యాకప్ నాకు వదిలేయండి, కలిసి చూద్దాం. డెబియన్ నేనూ నేర్చుకోవాలి ఇప్పుడు," అన్నాడు.

"పాసయ్యావమ్మా," అన్నాడు సోమయాజులు. "డిస్టింక్షన్."

*

జులైలో పరీక్షలు దగ్గరపడే కొద్దీ పిల్లలు పగలూ రాత్రీ విన్నారు. ఎన్నడూ లేనంత రద్దీ. కొత్త సర్వర్ చలించలేదు. ఇంద్రసేన భార్యాపిల్లల్ని తీసుకుని శ్రీశైలం వెళ్తానన్నాడు. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నదే. ఎప్పుడు బయల్దేరినా సర్వర్ పిలుస్తుందేమోనన్న ఫికర్ ఉండేది.

"అడవిల సిగ్నల్ కూడా దొరకదు. ఏమన్న అయితే?" అన్నాడు వెళ్ళే ముందు.

"పో అన్నా," అంది మృదుల.

అతను వెళ్ళిన మర్నాడే మధ్యాహ్నం వాన దంచికొట్టింది. ఎక్కడో దగ్గర్లో పిడుగు పడింది. కరెంటు పోయి వచ్చింది. కాసేపటికే ఫోన్ మొదలైంది. లహరి.

"అక్కా, రేపే నా పరీక్ష. పుస్తకం ఓపెన్ అయితలేదు."

"పది నిమిషాలాగి చూడు బిడ్డా."

ల్యాప్‌టాప్ నుంచి సర్వర్ పలకలేదు. మృదుల సర్వర్ గదిలోకి వెళ్ళి కుర్చీ లాక్కుని కీబోర్డు మీద చేతులు పెట్టింది. గ్రంథాలయంలో అప్పుడు ఆమె తప్ప ఎవరూ లేరు. మీట నొక్కగానే గొంతు పలికింది. శ్రవణ, లాగిన్. యంత్రం బతికే ఉంది. లోపలికెళ్ళి నెట్‌వర్క్ సంగతి అడిగింది. స్టేట్ డౌన్, అన్నది గొంతు. సర్వర్ బాగుంది, వైరులోనో అవతలో ఉంది తేడా. వైరును వేళ్ళ మధ్య పట్టుకుని గోడ వెంబడే నడిచి, నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే స్విచ్ డబ్బా దగ్గరికి వెళ్ళింది. వైరు గట్టిగానే ఉంది. ముక్కు దగ్గరికి తెస్తే మాడు వాసన. పిడుగుకు ఆ ఒక్క తొర్ర పోయినట్టుంది. పీకి పక్కదాంట్లో గుచ్చింది. వెనక్కి వచ్చి మళ్ళీ అదే అడిగింది.

స్టేట్ అప్.

మృదుల కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వింది. ఖాళీ గదిలో, వాన చప్పుడులో, ఒక్కతే.

లహరికి తనే ఫోన్ చేసింది. "చూడు ఇప్పుడు." అవతల దూరంగా పాఠం చదువుతున్న ఎవరిదో గొంతు వినిపించింది. "వస్తున్నదక్కా, వస్తున్నది!" అంది లహరి. "మంచిగ రాయి," అని పెట్టేసింది మృదుల.

సోమవారం ఇంద్రసేన ప్రసాదం పొట్లంతో వచ్చాడు. ముఖం కడుక్కున్నంత తేటగా ఉంది అతని గొంతు. మెట్లెక్కుతూనే అడిగాడు.

"ఏం గాలేదు గదా? కిందికి దిగినంక ఫోన్ చూస్తే నీ కాల్ ఒక్కటి లేదు. గందుకే ఇంకా ఫికరైంది."

"పిడుగు పడ్డది. సర్వర్ పోయింది."

"అయ్యో! మరి ఎవర్ని పిలిచినవ్?"

"ఎవర్ని లేదు," అంది మృదుల, పొట్లం విప్పి లడ్డూ విరుస్తూ. "దర్శనం మంచిగైందా?"